ఒక పండుగ, ఒక చేతిపని, ఒక పాత ఊరు: చెన్నై నుంచి థాయ్‌లాండ్ చూడబోయేవారికి

చెన్నై నుంచి బ్యాంకాక్‌కి నేరుగా వెళ్లే విమానం ఎక్కితే మూడున్నర గంటల ప్రయాణం. అంత దగ్గర కాబట్టే చాలామంది నాలుగు రోజుల ప్యాకేజీ తీసుకుని పట్టాయా, బీచి, షాపింగ్ మాల్ చూసి వచ్చేస్తారు. ఆ దేశం గుళ్లు, పండుగలు, మగ్గాలు, కుమ్మరి కొలుములు చూడాలనుకునేవారికి ఆ ప్యాకేజీ పనికిరాదు. కనీసం ఏడెనిమిది రోజులు పెట్టుకోవాలి, ఊళ్లు తగ్గించుకోవాలి. ఒక పండుగ ఎంచుకోండి, అది బాగా జరిగే ఊరు చూసుకోండి, ఆ ఊరి పక్కనే బతికి ఉన్న చేతిపని ఒకటి పట్టుకోండి. అయిదు ఊళ్లు తిరిగితే అన్నిచోట్లా ఒకే రాత్రి బజారు, అవే ఏనుగు బొమ్మల ప్యాంట్లు కనిపిస్తాయి.

తేదీ ముందు, టికెట్ తర్వాత

ఎక్కువమంది చౌక టికెట్ దొరికిందని ముందు అది కొనేస్తారు, పండుగేమో మరుసటి వారం పడుతుంది. అందుకే వరుస మార్చండి.

థాయ్ పండుగలు చాలావరకు చాంద్రమానం ప్రకారం వస్తాయి. మన పంచాంగం చేతిలో ఉంటే సగం పని అయినట్టే. నీళ్లలో దీపాలు వదిలే లాయ్ క్రతోంగ్ వాళ్ల పన్నెండో నెల పౌర్ణమి, అంటే మామూలుగా మన కార్తీక పౌర్ణమి. బుద్ధుడి తొలి ఉపదేశాన్ని తలుచుకునే ఆసాళ్హ బుచ్చా మన ఆషాఢ పౌర్ణమి దగ్గర పడుతుంది. అయితే రెండు జాగ్రత్తలు. పౌర్ణమి లెక్క ఒక రోజు అటూ ఇటూ కావచ్చు. అధికమాసం వాళ్లు వేసే ఏడూ మనం వేసే ఏడూ ఒక్కోసారి కలవవు కాబట్టి కొన్నేళ్లు నెల తేడా కూడా వస్తుంది. థాయ్‌లాండ్ టూరిజం అథారిటీ ప్రకటించిన తేదీ చూసుకున్నాకే డబ్బు కట్టండి.

థాయ్ కొత్త సంవత్సరం సోంగ్‌క్రాన్‌కి ఈ చిక్కు లేదు. ఏటా ఏప్రిల్ 13, 14, 15. యునెస్కో దీన్ని 2023లో సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. వీధుల్లో నీళ్లు చల్లుకోవడమే అందరికీ తెలుసు గానీ అసలు పండుగ ఉదయం పూట గుళ్లలో జరుగుతుంది: బుద్ధ విగ్రహాల మీద సుగంధపు నీళ్లు పోయడం, ఇసుకతో చిన్న చేదీలు, అంటే స్తూపాలు కట్టడం, పెద్దవాళ్ల చేతుల మీద నీళ్లు పోసి ఆశీర్వాదం తీసుకోవడం. చియాంగ్ మాయ్‌లో 13న ఫ్రా సింగ్ బుద్ధ విగ్రహాన్ని ఊరేగిస్తారు, దారికి రెండువైపులా నిలబడి జనం నీళ్లు చల్లుతారు. ఉదయం ఏడింటికల్లా ఏదైనా పేట గుడికి వెళితే ఇవన్నీ చూడొచ్చు, పదకొండు దాటాక వీధులన్నీ నీళ్ల తుపాకుల చేతికి పోతాయి. భిక్షువుల మీద, పసిపిల్లల మీద, నడుస్తున్న బైకుల మీద నీళ్లు పోయకూడదు. ఇంకో సంగతి: ఆ వారం నేతగాళ్లు, కుమ్మర్లు అందరూ సొంతూళ్లకు వెళ్లిపోతారు, చాలా పనిశాలలు మూసి ఉంటాయి. పైగా ఉత్తరాదిన ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా పొలాలు, అడవులు తగలబడే పొగ కమ్ముకుంటుంది. చేతిపనుల కోసమే వెళ్లేవారికి ఏప్రిల్ మంచి నెల కాదు.

ఈశాన్యంలోని ఉబోన్ రాచథానీలో ఆసాళ్హ బుచ్చా, ఆ మర్నాడు మొదలయ్యే వర్షావాసం (వానాకాలం భిక్షువులు ఒకేచోట ఉండే దీక్ష) సందర్భంగా మైనపు స్తంభాల ఊరేగింపు జరుగుతుంది. ఊరేగింపు రోజు కంటే దానికి ముందు రెండు మూడు రోజులు విలువైనవి. గుడి ఆవరణల్లో శిల్పులు మైనం చెక్కుతూ ఉంటారు, దగ్గర నిలబడి చూడనిస్తారు. రెండు పద్ధతులు ఉంటాయి: మైనపు దుంగలో నేరుగా చెక్కేది ఒకటి, అచ్చుల్లో పోసి తీసిన పలుచని మైనపు నగిషీలు అతికించేది ఇంకొకటి. రెండూ పక్కపక్కన చూస్తే తేడా తెలుస్తుంది.

లోయి జిల్లా దాన్ సాయ్‌లో జరిగే పీ తా ఖోన్ ముసుగుల పండుగ తేదీని ఊరి గణాచారులు నిర్ణయిస్తారు. జూన్, జూలై మధ్య ఎప్పుడైనా రావచ్చు. ప్రకటన రాకముందు టికెట్ కొనకండి. అక్కడి ముసుగు పైభాగం ముద్దబియ్యం ఉడికించే వెదురు బుట్ట, దాన్ని తిరగేసి టోపీలా విచ్చదీస్తారు. ముఖభాగం కొబ్బరిమట్ట మొదలు. పండుగ అయ్యాక వాటిని అక్కడే కొనుక్కోవచ్చు.

బ్యాంకాక్ సీలోమ్ రోడ్డులోని మహా ఉమాదేవి గుడి 19వ శతాబ్దంలో వలస వెళ్లిన తమిళులు కట్టుకున్నది. విజయదశమి రాత్రి అక్కడ అమ్మవారి ఊరేగింపుకి రోడ్డంతా పూల పళ్లేలతో నిండిపోతుంది, వచ్చేవాళ్లలో ఎక్కువమంది థాయ్ బౌద్ధులే. దసరా సెలవుల్లో వెళ్లే కుటుంబాలకు ఇది చక్కటి ఎంపిక.

బయల్దేరక ముందు చెన్నైలో రెండు పూటలు

ఎగ్మూర్ ప్రభుత్వ మ్యూజియంలో అమరావతి శిల్పాలు ఉన్నాయి. వెళ్లేముందు వాటిని ఒకసారి నిదానంగా చూడండి, శుక్రవారం సెలవు. తర్వాత బ్యాంకాక్ నేషనల్ మ్యూజియంలో ద్వారవతి (అక్కడి పాత బౌద్ధ రాజ్యం) శిల్పాల గదికి వెళితే ఆ ధర్మచక్రం మళ్లీ కనబడుతుంది. కృష్ణా తీరపు శిల్పశైలి సముద్రం దాటి వెళ్లి అక్కడ ఎలా మారిందో కళ్లతో చూసి తెలుసుకోవచ్చు. నఖోన్ పథోమ్‌లో దొరికిన రాతి చక్రాలు, లేళ్లు తప్పకుండా చూడాలి. బ్యాంకాక్ మ్యూజియంకి సోమ, మంగళవారాలు సెలవు. బుధ, గురువారాల్లో ఉదయం తొమ్మిదిన్నరకు వాలంటీర్లు ఇంగ్లిష్‌లో ఉచితంగా తిప్పి చూపిస్తారు, ఆ రోజుల్లో వెళ్లడం లాభం.

రెండో పూట ముత్తుకాడు దగ్గరి దక్షిణచిత్రకి. అక్కడ ఆంధ్ర విభాగంలో ఇక్కత్ నేతగాడి ఇల్లు ఉంది. నూలు కట్టలకు ముడులు ఎలా వేస్తారు, రంగు ఎక్కడ ఎక్కుతుంది, ఎక్కడ ఎక్కదు అన్నది అక్కడ అర్థమైతే థాయ్ ఇక్కత్ అయిన మత్‌మీ పట్టు ముందు నిలబడ్డప్పుడు అడగాల్సిన ప్రశ్నలు మీకే తోస్తాయి. మంగళవారం మూసి ఉంటుంది.

కాగితాల పని: 2025 మే 1 నుంచి థాయ్‌లాండ్‌కి వచ్చే ప్రతి విదేశీయుడూ డిజిటల్ అరైవల్ కార్డు నింపాలి. దిగే తేదీకి మూడు రోజుల లోపు, థాయ్ ఇమ్మిగ్రేషన్ అధికారిక సైట్‌లో. దానికి ఫీజు లేదు. డబ్బు అడిగిన సైట్ ఏదైనా దళారిదే. వీసా నియమాలు మారుతూ ఉంటాయి కాబట్టి చెన్నైలోని థాయ్ కాన్సులేట్ పెట్టిన తాజా సమాచారం చూసుకోండి. బ్యాంకాక్‌కి సువర్ణభూమి, దోన్ మువాంగ్ అని రెండు విమానాశ్రయాలు. చెన్నై విమానం ఒకదాంట్లో దిగి, చియాంగ్ మాయ్ విమానం రెండోదాంట్లో ఎక్కాల్సి వస్తే మధ్యలో నాలుగైదు గంటలు ఉంచుకోండి. ముందుకు వెళ్లే టికెట్ చూపిస్తే రెండింటి మధ్యా ఉచిత బస్సు ఉంది గానీ ట్రాఫిక్‌ని ఎవరూ ఆపలేరు. విదేశీ కార్డుతో ఏటీఎంలో తీసిన ప్రతిసారీ 220 బాట్లు, ఒక్కోచోట అంతకంటే ఎక్కువ కోత పడుతుంది. కాబట్టి కొద్దికొద్దిగా తీయకండి. పల్లెల్లో నేతగాళ్లు నగదే తీసుకుంటారు.

బ్యాంకాక్: ఒక గోడ, ఒక గిన్నె

గ్రాండ్ ప్యాలెస్ ఆవరణలోని వాట్ ఫ్రా కెవ్‌కి అందరూ వెళతారు, మరకత బుద్ధుడికి దండం పెట్టి బయటికి వచ్చేస్తారు. చుట్టూ ఉన్న వసారా గోడలే తెలుగువాళ్లు ఆగాల్సిన చోటు. వాటి మీద రామకియెన్, అంటే వాళ్ల రామాయణం, 178 చిత్రాలుగా ఉంది. లోపలికి వచ్చే దారి వేరేచోట కాబట్టి తిన్నగా నడిస్తే కథ మధ్యలో పడతారు. ఉత్తరం వైపు గోడ మధ్యలో ఉన్న ద్వారం దగ్గరికి వెళ్లండి. అక్కడ జనకుడికి సీత దొరికే ఘట్టంతో మొదటి చిత్రం ఉంటుంది. అక్కడి నుంచి ప్రదక్షిణంగా, గోడని చూస్తూ నడవాలి. ఆకుపచ్చ ఒంటితో కిరీటం పెట్టుకున్నవాడు రాముడు, బంగారు ఛాయ లక్ష్మణుడు, తెల్ల కోతి హనుమంతుడు. దొంతరలుగా తలలున్న తొత్సకన్ మన రావణుడు, అతనూ ఆకుపచ్చే, కాబట్టి రంగుని బట్టి కాకుండా ముఖాన్ని బట్టి పోల్చుకోవాలి.

మైరావణ కథ విన్న ఇంటివాళ్లకు ఈ గోడ మీద పెద్ద పండుగే. మన కథలో హనుమంతుడు తోకతో కోట కడితే అక్కడ కొండంత పెరిగి రాముడి విడిదిని నోట్లో పెట్టుకుని కాపలా కాస్తాడు. అయినా మైయరాప్ నిద్రపొడి ఊది రాముణ్ని ఎత్తుకుపోతాడు. హనుమంతుడు తామరతూడు లోంచి పాతాళానికి దిగితే దారిలో చేపతోకతో ఉన్న కొడుకు ఎదురవుతాడు. మనకు మత్స్యవల్లభుడు, వాళ్లకు మచ్చాను. పిల్లలతో వెళితే ఈ ఘట్టం ముందే చెప్పి, గోడ మీద వెతకమనండి.

టికెట్ 500 బాట్లు. ఉదయం ఎనిమిదిన్నరకు తెరుస్తారు, మధ్యాహ్నం మూడున్నరకు టికెట్లు ఆపేస్తారు. తెరిచే వేళకే వెళ్లాలి, పది దాటాక గోడ ముందు నిలబడే చోటుండదు. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు తప్పనిసరి. పలుచని చున్నీ కప్పుకుంటే ఒప్పుకోకపోవచ్చు, చేతులున్న జాకెట్టు, కుర్తా మేలు. చీర, సల్వార్ ఇబ్బంది లేదు. అదే టికెట్‌తో సాలా చలెమ్‌క్రుంగ్ థియేటర్‌లో చిన్న ఖోన్ ప్రదర్శన చూడొచ్చు. ఆ రోజు ఆట ఉందా, ఎన్నింటికి అని కౌంటర్‌లోనే అడగండి. ముసుగులు కట్టి రామకియెన్ ఆడే ఈ నాట్యం 2018లో యునెస్కో జాబితాలోకి వచ్చింది. పొద్దున గోడ మీద చూసినవాళ్లే సాయంత్రం వేదిక మీద కనిపిస్తారు కాబట్టి భాష రాకపోయినా కథ అందుతుంది. బయట ఎవరైనా "ఈరోజు ప్యాలెస్ మూసేశారు, వేరే గుడి చూపిస్తాను" అంటే నమ్మకండి. ఆ టుక్‌టుక్ చివరికి ఆగేది రత్నాల దుకాణం ముందు.

రెండో రోజు మెట్రోలో సామ్ యోత్ స్టేషన్ దిగి నడవండి. వాట్ సుథాత్ ముందు ఎర్రటి టేకు స్తంభాల పెద్ద ఉయ్యాల నిలబడి ఉంటుంది, ఎత్తు 21 మీటర్లు. ఇప్పుడున్న స్తంభాలు 2007లో ఫ్రే జిల్లా టేకుతో నిలబెట్టినవి. పూర్వం దాని మీద ఊగుతూ పళ్లతో డబ్బుసంచీ అందుకునేవారు. ప్రమాదాలు జరగడంతో 1935 తర్వాత ఊగడం ఆపేశారు. దగ్గర్లోనే 1784లో కట్టిన బ్రాహ్మణ దేవాలయం థెవసథాన్ ఉంది. డిసెంబర్, జనవరిలో జరిగే త్రియంపవాయ్ క్రతువులో అక్కడి రాజ పురోహితులు చదివేవి తిరుప్పావై, తిరువెంబావై పాశురాలు. శతాబ్దాలుగా థాయ్ నాలుక మీద నలిగి మాటలు గుర్తుపట్టలేనంత మారిపోయాయి. ధనుర్మాసంలో మైలాపూర్, ట్రిప్లికేన్ వీధుల్లో తెల్లవారుజామున వినేవే ఇవి.

అక్కడి నుంచి బమ్‌రుంగ్ మువాంగ్ రోడ్డు పట్టుకుని తూర్పుకి నడిస్తే బుద్ధ విగ్రహాలు, కాషాయాలు, భిక్షువులకిచ్చే కానుకల బుట్టలు అమ్మే దుకాణాలు బారులు తీరి ఉంటాయి. దాటాక బోరిఫత్ రోడ్డు పక్క సందులో బాన్ బాత్ అనే చిన్న పేట. భిక్షాపాత్రలు చేత్తో చేసే కొద్ది కుటుంబాలు మాత్రమే అక్కడ మిగిలాయి. సుత్తి దెబ్బ వినబడే వైపు వెళితే చాలు.

పాత్ర ఎనిమిది ఉక్కు ముక్కలతో తయారవుతుంది, అష్టాంగ మార్గానికి గుర్తుగా. ముందు పట్టీని వంచి మూతి చుట్టు చేస్తారు, పాత్ర కొలత అక్కడే నిర్ణయమవుతుంది. దాని కింద అడ్డంగా, నిలువుగా పట్టీలు దాటించి అస్థిపంజరంలా కడతారు. మధ్య ఖాళీల్లో ఆకు ఆకారపు రేకులు కూర్చుతారు. అంచుల్ని పళ్లు పళ్లుగా కత్తిరించి ఒకదాంట్లో ఒకటి ఇరికిస్తారు, ఆ అతుకుల మీద రాగిపొడి, వెలిగారం పూసి కొలిమిలో పెడతారు. రాగి కరిగి పళ్ల మధ్యకి పారి అతుకు మూసుకుంటుంది. తర్వాత రకరకాల దాగలుల మీద లోపలి నుంచి, బయటి నుంచి కొట్టి గుండ్రం తెస్తారు, ఆకురాయి పెడతారు. వేడి సరిపోకపోతే రాగి సన్నని చోట్లకు పారదు, నీళ్లు కారతాయి. అందుకే కొనేటప్పుడు పాత్రని వెలుతురుకి పట్టి అతుకుల వెంట చూడండి, కర్రతో తట్టండి. బాగా అతికిన పాత్ర గంటలా చాలాసేపు మోగుతుంది. మిషన్ మీద అచ్చు గుద్దిన పాత్రకు లోపల అతుకు గీతలు ఉండవు, ధర కూడా చాలా తక్కువ. చేతిపాత్ర ధర ఎక్కువే. అక్కడ బేరం ఆడటం బాగుండదు. నూనె తుడిచి పెట్టకపోతే చెన్నై గాలికి నెలలో తుప్పు పడుతుంది. ఫొటో తీసేముందు అడగండి, ఏమీ కొనకపోతే, విరాళాల పెట్టె కనిపిస్తే కొంత వేయండి.

పక్కనే వాట్ సాకేత్ బంగారు గుట్ట. లాయ్ క్రతోంగ్ రోజుల్లో దాని కింద పెద్ద తిరునాళ్లు జరుగుతుంది.

కార్తీక పౌర్ణమికి సుఖోథాయ్

లాయ్ క్రతోంగ్‌కి బ్యాంకాక్, చియాంగ్ మాయ్, సుఖోథాయ్ మూడూ పేరున్నవే. బ్యాంకాక్‌లో నది రేవుల మీద తొక్కిసలాట, తేలే పంట్లు ఊగుతుంటాయి; పిల్లలు, పెద్దవాళ్లు ఉంటే ఆ రేవులకు వెళ్లకండి, గుడి కోనేరు లేదా పార్కు చెరువు చాలు. చియాంగ్ మాయ్‌లో ఆకాశదీపాల ఫొటోలు చూసి వెళ్లేవారు ఒకటి తెలుసుకోవాలి: వేల దీపాలు ఒకేసారి వదిలేది ఊరి బయట టికెట్ పెట్టి జరిపే కార్యక్రమాల్లో, టికెట్ వేల బాట్లు. ఊళ్లో ఇష్టం వచ్చినచోట వదలడానికి అనుమతి లేదు. ఆ రాత్రి విమానాలు కూడా రద్దవుతాయి, వేళలు మారతాయి కాబట్టి మర్నాడు మధ్యాహ్నం తర్వాతి విమానమే పెట్టుకోండి.

మా ఓటు సుఖోథాయ్‌కే. 13వ శతాబ్దపు రాజధాని శిథిలాలు, తామర చెరువులు, వాటి మధ్య వరసగా ప్రమిదలు. 1991 నుంచి ప్రపంచ వారసత్వ స్థలం. పండుగ ఒక్క రాత్రితో అయిపోదు, కొన్ని రోజులు జరుగుతుంది. అందువల్ల పౌర్ణమికి రెండు రోజుల ముందు చేరి, జనం తక్కువున్న రాత్రి ఒకటి చూడొచ్చు. బ్యాంకాక్ నుంచి విమానం ఉంది. రైల్లో అయితే ఫిత్సనులోక్ దాకా వెళ్లి అక్కడి నుంచి బస్సు గంట పైచిలుకు. కొత్త ఊరికీ పాత నగరానికీ మధ్య 12 కిలోమీటర్లు. గది పాత నగరం గేటు దగ్గరే తీసుకోండి, పండుగ రాత్రి తిరుగు బండి దొరకడం కష్టం. రెండు మూడు నెలల ముందే గదులు అయిపోతాయి.

క్రతోంగ్, అంటే నీళ్లలో వదిలే ఆ దీపపు దొప్ప, మీరే కట్టుకోవచ్చు. పోలి పాడ్యమికి అరటిదొప్పల్లో దీపాలు వదిలిన చేతులకు ఇది కొత్తపని కాదు. అరటిబోదె ముక్క 15 సెంటీమీటర్ల వెడల్పు, నాలుగైదు సెంటీమీటర్ల మందం ఉండాలి. అంతకంటే పలుచనైతే పూల బరువుకి మునుగుతుంది, ఏటవాలుగా కోస్తే దీపం ఒరిగి ఆకు అంటుకుంటుంది. అరటాకుల్ని గంటసేపు ఎండలో వాడ్చాలి, పచ్చిగా మడిస్తే ఈనె వెంట చిరుగుతుంది. అయిదు సెంటీమీటర్ల వెడల్పు పట్టీలు కోసి, కొసలు మొనతేలేలా మడిచి, ఒకదాని మీద ఒకటి సగం కప్పేలా బోదె చుట్టూ గుచ్చాలి. గుండుసూదులు వద్దు, వెదురు పుల్లలు చాలు. సూదులు నీళ్లలో మిగిలిపోతాయి. మధ్యలో బంతిపూలు, కొవ్వొత్తి ఒకటి, అగరొత్తులు మూడు. కొవ్వొత్తి సరిగ్గా నడిమధ్య ఉందో లేదో బకెట్ నీళ్లలో తేల్చి చూసుకుని వెళ్లండి. కొనేవారు థర్మోకోల్‌వి కొనకండి. రొట్టెతో చేసినవి చేపలు తింటాయంటారు గానీ చిన్న చెరువులో వందలు పడితే నీళ్లు కుళ్లిపోతాయి, బోదెదే మేలు. నీటి దగ్గర మోకాళ్ల మీద కూచుని, క్రతోంగ్ నుదుటికి తాకించి వదులుతారు. గాలి ఎదురొస్తుంటే మీ దగ్గరికే తిరిగొస్తుంది, గాలి వెళ్లే వైపు గట్టు చూసుకోండి.

పగటిపూట పాత నగరాన్ని అద్దె సైకిల్ మీద చూడాలి. వాట్ సీ చుమ్‌లో ఇరుకు గోడల మధ్య కూచున్న బుద్ధుణ్ని పొద్దున్నే, ఎండ ముఖం మీద పడేలోపు చూడండి. ఇంకో రోజు సీ సచ్చనలైకి పెట్టుకోండి. సాంగ్‌ఖలోక్ పింగాణీ కాల్చిన పాత కొలుములు అక్కడి కో నోయ్‌లో తవ్వి, పైకప్పు వేసి ఉంచారు. ఆ చేప బొమ్మల పళ్లేలు ఒకప్పుడు ఓడల్లో జపాన్, ఇండోనేషియాల దాకా వెళ్లాయి. ఇప్పటి కుమ్మర్లు అదే నమూనాలో చేస్తున్నారు. "తవ్వకాల్లో దొరికింది" అని ఎవరైనా గుసగుసగా అమ్మజూపితే అది నకిలీ, లేదా దొంగసరుకు. రెండూ వద్దు. పక్కనే హాత్ సియావ్‌లో స్త్రీలు ముళ్లపంది ముల్లుతో పోగులు లేపుతూ చీరంచు లాంటి చోక్ నేస్తారు, రోజంతా నేసినా కొద్ది అంగుళాలే.

మత్‌మీ పట్టు: ఏం చూసి కొనాలి

ఖోన్ కెన్ జిల్లా చొన్నబోత్ మత్‌మీకి పేరు. నవంబర్ చివర, డిసెంబర్ మొదట్లో ఖోన్ కెన్‌లో పట్టు సంత జరుగుతుంది. కార్తీక పౌర్ణమి నవంబర్ ఆఖరులో పడ్డ ఏడు రెండూ కలిపి చూడొచ్చు. కోతలు అయ్యాక మగ్గాలు జోరందుకుంటాయి, నాట్ల కాలంలో వెళితే ఇంటి కింద మగ్గం ఖాళీగా ఉంటుంది.

పోచంపల్లిలో పడుగు, పేక రెండింటికీ ముడులు వేస్తారు. మత్‌మీలో ముడి పేకకే. పేక నూలుని గుడ్డ వెడల్పున్న చట్రం మీద చుట్టి, బొమ్మ ప్రకారం కట్టలుగా బిగించి, రంగులో ముంచుతారు. కొన్ని ముడులు విప్పి, కొన్ని కొత్తవి కట్టి మళ్లీ ముంచుతారు. తర్వాత కండెలకు చుట్టి వరుస తప్పకుండా దారం మీద గుచ్చుతారు. ఆ వరుసలో ఒక్క కండె మారితే బొమ్మ అక్కడ తెగిపోతుంది. అందుకే గుడ్డని బారుగా పరిచి, ఒకే బొమ్మ వరసగా ఎక్కడా ఎగుడుదిగుడు కాకుండా వస్తోందో లేదో చూడండి. బొమ్మ అంచులు కొద్దిగా చెదిరి ఉండటం ముడి లక్షణం, అది లోపం కాదు. గీత గీసినట్టు స్ఫుటంగా ఉండి, వెనకవైపు వెలిసినట్టు కనిపిస్తే అది అచ్చు. పోగుని గోటితో తడిమితే అక్కడక్కడ చిన్న గుబ్బలు తగలాలి, చేత్తో తీసిన పట్టుకి అవి ఉంటాయి. అంచు నుంచి ఒక పోగు అడిగి కాల్చండి: జుట్టు కాలిన వాసన వచ్చి బూడిద వేళ్ల మధ్య పొడి అయితే పట్టు, కరిగి నల్ల ముద్ద కడితే పాలిస్టర్.

గుడ్డ మీద నెమలి ముద్ర చూడండి. థాయ్ ప్రభుత్వం ఇచ్చే గుర్తు అది. బంగారు నెమలి అంటే దేశవాళీ పురుగు పట్టు, చేత్తో తీసి చేమగ్గం మీద నేసినది. వెండి నెమలి దాని తర్వాతది. నీలం నెమలి అచ్చమైన పట్టే, పద్ధతి ఏదైనా కావచ్చు. ఆకుపచ్చ నెమలి వేరే నూలు కలిసినది.

మన ఆడవాళ్లు ఎక్కువ పొరబడేది కొలత దగ్గర. మత్‌మీ ముక్క వాళ్ల ఫాసిన్ లుంగీకి సరిపడా దాదాపు రెండు మీటర్లు వస్తుంది, వెడల్పు మీటరు అటూ ఇటూ. చీరకు అయిదున్నర మీటర్ల పొడవు, 45 అంగుళాల పన్నా కావాలి. మామూలు థాయ్ పట్టు పన్నా దానికి చాలదు, కుచ్చిళ్ల దగ్గర చీలమండ పైకి లేస్తుంది. కాబట్టి జాకెట్లకు, కుర్తాకు, దుపట్టాకు కొనండి. సాదా పట్టు గజాల్లో అమ్ముతారు, గజం 91 సెంటీమీటర్లే. సకోన్ నఖోన్ నీలిమందు నూలు గుడ్డలు మొదటి రెండు మూడు ఉతుకులకు రంగు వదులుతాయి, విడిగా చన్నీళ్లలో ఉతికి నీడలో ఆరేయండి.

చియాంగ్ మాయ్ చుట్టూ

ఇక్కడ చేతిపనుల ఊళ్లు పదిహేను కిలోమీటర్ల లోపే. బో సాంగ్‌లో మల్బరీ జాతి చెట్టు బెరడు కాగితంతో గొడుగులు కడతారు, జనవరిలో గొడుగుల పండుగ. కొనేముందు మూడుసార్లు తెరిచి మూయండి, వెదురు పుల్లల దగ్గర దారం జారుతుంటే ఆ గొడుగు వద్దు. నూనె పట్టించనిది అలంకారానికే, వానకు కాదు. వువాలై వీధి వెండిపనివాళ్లది. అక్కడి వాట్ సీ సుఫాన్ వెండి మందిరం లోపలికి స్త్రీలను అనుమతించరు, బయటి నుంచి చూడొచ్చు. శనివారం సాయంత్రం ఆ వీధిలోనే సంత. సెలడాన్ అనే లేతాకుపచ్చ పింగాణీ మీద సన్నని పగుళ్ల వల పూతది, సహజం. వేలి కణుపుతో తడితే బొంగురుగా పలికితే మాత్రం లోపల మట్టే పగిలిందన్నమాట.

శాకాహారులకు

పసుపు జెండా మీద ఎర్ర అక్షరంతో "జే" అని కనిపించే కొట్టు నమ్మకమైనది. మాంసం, గుడ్డు, పాలే కాదు, ఉల్లి వెల్లుల్లి కూడా ఉండవు. మామూలు హోటల్లో "కూరగాయలే" అన్నా నామ్ ప్లా అనే చేప రసం, కపి అనే రొయ్యల ముద్ద పడతాయి, కూర ముద్దల్లో అవి ముందే కలిసి ఉంటాయి. బొప్పాయి సలాడ్‌లో ఎండు రొయ్యలు వేస్తారు. "కిన్ జే" అని మొదటే చెప్పండి. మామూలుగా మన ఆశ్వయుజం మొదట్లో వచ్చే తొమ్మిది రోజుల శాకాహార పండుగలో ఫుకెట్, బ్యాంకాక్ చైనాటౌన్ నిండా జే కొట్లే. పల్లెల్లో తిరిగే రోజు ముద్దబియ్యం, పళ్లు, చెన్నై నుంచి తెచ్చుకున్న పొడి ఆదుకుంటాయి.

తిరుగు ప్రయాణం

బుద్ధ విగ్రహాలు, వాటి ముక్కలు, పురాతన వస్తువులు థాయ్ ఫైన్ ఆర్ట్స్ శాఖ అనుమతి లేకుండా బయటికి తేకూడదు. మెడలో వేసుకునే చిన్న తాయెత్తుకి ఇబ్బంది లేదు. అనుమతి తెప్పించే బాధ్యత దుకాణదారుదే అని కొనేముందు మాట తీసుకోండి, దానికి రోజులు పడతాయి. బుద్ధుడి తల మాత్రమే ఉన్న అలంకార వస్తువులు అక్కడివాళ్లకు బాధ కలిగిస్తాయి, వాటి జోలికి వెళ్లకండి.

పర్యాటకులకు వ్యాట్ వాపసు బోర్డు ఉన్న దుకాణంలో ఒకే రోజు 2,000 బాట్లకు తగ్గకుండా కొంటే పన్ను వెనక్కి వస్తుంది. పన్ను 7 శాతం అయినా చేతికొచ్చేది అంతకంటే తక్కువ. పాస్‌పోర్టు చూపించి ఆ దుకాణంలోనే ఫారం రాయించుకోవాలి, తర్వాత అడిగితే ఇవ్వరు. విమానాశ్రయంలో కస్టమ్స్ కౌంటర్‌కి చెక్-ఇన్ చేయకముందే వెళ్లాలి, లేకపోతే వాళ్లు సరుకు చూపించమనేసరికి పెట్టె అప్పటికే లోపలికి పోయి ఉంటుంది. పట్టు పెట్టె పైభాగంలో సర్దండి. పింగాణీ చేతిసంచీలో, లోపలి ఖాళీలో సాక్సులు కుక్కి, రెండు లుంగీల మధ్య చుట్టి పెట్టండి. గొడుగు పొడవు ఎక్కువైతే క్యాబిన్‌లోకి రానివ్వరు, అట్టగొట్టంలో పెట్టి లగేజీకి ఇచ్చేయాలి, ఆ గొట్టం బో సాంగ్‌లోనే అడిగితే దొరుకుతుంది.